బస్రా వెళ్లిన చిన్నతాత



మీ అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ మిలటరీకి వెళ్లినవాళ్లు ఉన్నారా? ఈ మధ్య వెళ్లినవాళ్ల సంగతి కాదు నేనడిగేది. తెల్లవాళ్ల కాలంలో, జర్మనీ యుద్ధమనీ బర్మా యుద్ధమనీ పెద్దవాళ్లు చెప్పుకునే రోజుల్లో వెళ్లినవాళ్లు. ఉన్నారే అనుకుందాం. ఆయన గురించి మీ ఇంట్లో ఏం చెబుతారు? చాలా ఇళ్లలో ఒక్క వాక్యమే చెబుతారు. "మా తాత బస్రా వెళ్లాడు, మళ్లీ రాలేదు." అంతే. ఏ పటాలంలో చేరాడు, ఏ ఏడు వెళ్లాడు, ఎక్కడ పోయాడు అంటే ఎవరూ చెప్పలేరు.

ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఆ మనిషి దాకా ఎలా వెళ్లాలో ఇవాళ మాట్లాడుకుందాం. వంశవృక్షం తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి కదా, అవి ఈ పనిలో ఎక్కడ అక్కరకొస్తాయో, ఎక్కడ బోల్తా కొట్టిస్తాయో కూడా చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా వెళ్లారు. అందులో చాలా పెద్ద భాగం మెసపటోమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు వెళ్లింది. ఓడ దిగే రేవు బస్రా. అందుకే మన పల్లెల్లో ఆ యుద్ధానికి బస్రా పేరే నిలిచిపోయింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవి. కర్ణాటిక్ పదాతి దళాల్లో, రోడ్లు వేసే పయనీర్లలో, వంతెనలు కట్టే మద్రాసు సాపర్లలో మన తెలుగువాళ్లు పనిచేశారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటే గాని ఎవరికీ తెలియదు. ఆ ఒక్క ఊరి నుంచే మొదటి యుద్ధానికి తొంభై మంది వెళ్లారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఇక ప్రోగ్రాముల సంగతి. డబ్బు కట్టేవి ఉన్నాయి, ఉచితంగా దొరికేవి ఉన్నాయి. గ్రాంప్స్ అని ఒకటుంది, 2001లో మొదలైంది, పైసా ఖర్చు లేదు. పేర్లు తెలుగులోనే కొట్టుకోవచ్చు. వీటి ప్రకటనలు మీరు చూసే ఉంటారు. తాత పేరు కొట్టగానే తెర మీద ఆకులు ఊగుతాయి, ముత్తాత ఫొటో ప్రత్యక్షమవుతుంది. అది ఇంగ్లండులోనో అమెరికాలోనో జరిగే ముచ్చట. అక్కడ చర్చి రిజిస్టర్లు ఉన్నాయి, పేరుపేరునా రాసిన పాత జనాభా లెక్కలు జనానికి అందుబాటులో ఉన్నాయి. ప్రోగ్రాము వాటిలోకి వెళ్లి వెతుక్కొస్తుంది. మనకు పేర్లతో ఉన్న జనాభా లెక్కలు చూడడానికి దొరకవు. అది వెతకబోయినా మనవైపు దానికి పెద్దగా ఏమీ చిక్కదు.

మరి మనకెందుకు అంటారా? వెతకడానికి కాదు. దాచుకోవడానికి. ఇది మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఇవాళ్టి మాటలన్నింటికీ ఇదే మూలం. మన విషయంలో సాఫ్ట్‌వేర్ తాతను వెతికిపెట్టదు. మనం వెతికి తెచ్చిన ప్రతి ముక్కనూ, అది ఎక్కడ దొరికిందో ఎవరు చెప్పారో ఆ వివరంతో సహా దాచిపెడుతుంది. గ్రాంప్స్‌లో అయితే ఒక్కో ఆధారాన్ని ఎంత నమ్మవచ్చో కూడా గుర్తు పెట్టుకోవచ్చు. చాలా తక్కువ నుంచి చాలా ఎక్కువ దాకా మెట్లు ఉంటాయి. పెదనాన్న చెప్పిన మాట ఒక మెట్టు మీద, పతకం మీద చెక్కిన అక్షరం ఇంకో మెట్టు మీద. రెండూ ఉంటాయి, రెండూ ఒకటి కావు.

ఇప్పుడు ఆ వాక్యానికి వద్దాం. మా తాత బస్రా వెళ్లాడు, మళ్లీ రాలేదు.

మొదటి మాట తాత. ఎవరండీ ఆ తాత? మన ఇళ్లలో తాత అంటే నాన్నను కన్నవాడే కానక్కర్లేదు. ఆయన తమ్ముడూ తాతే, అన్నా తాతే, అమ్మమ్మ గారి తమ్ముడూ తాతే. పైగా ఆలోచించండి. 1916లో ఇరవై ఏళ్ల కుర్రవాడు యుద్ధానికి వెళ్లి అక్కడే పోయాడు. చాలామందికి పెళ్లి కాలేదు, అయినా పిల్లలు లేరు. మరి వాళ్లకు మనవళ్లెక్కడి నుంచి వస్తారు? మీ వంశవృక్షంలో నాన్న, నాన్నకు నాన్న, ఆయనకు నాన్న, ఇలా నిట్టనిలువుగా ఎక్కుకుంటూ పోతే ఆ కుర్రవాడు మీకు ఎప్పటికీ ఎదురుపడడు. ఆయన పక్క కొమ్మ మీద ఉన్నాడు. ఆ కొమ్మ అక్కడితో ఆగిపోయింది.

అందుకని ప్రతి తరంలోనూ అన్నదమ్ములందరినీ, అక్కచెల్లెళ్లందరినీ ఎక్కించండి. చిన్నప్పుడే పోయారని ఎవరినీ వదలొద్దు. యుద్ధానికి వెళ్లినవాడి కోసం పైకి చూస్తే చాలదు, పక్కకు చూడాలి. ఈ సంగతి చెప్పగలిగేది మీ ఇంట్లో వయసు మళ్లిన ఆడవాళ్లు. మగవాళ్లు ఉద్యోగాలు, పొలాలు చెబుతారు. ఎవరికి ఎంతమంది పుట్టారు, ఎంతమంది మిగిలారు అన్నది నాయనమ్మలకు తెలుసు. ముందు ఆవిడ దగ్గర కూర్చోండి. కంప్యూటర్ తర్వాత.

ఇక్కడొక ఇల్లు ఊహించుకుందాం. అన్నదమ్ములిద్దరు. తమ్ముడు అప్పన్న. పటాలంలో చేరి 1916లో మెసపటోమియాలో పోయాడు. రెండేళ్లకు అన్నకు కొడుకు పుట్టాడు. మన ఇళ్లలో ఏం చేస్తారు? పోయినవాడి పేరే పెడతారు. అప్పన్న మళ్లీ పుట్టాడంటారు. ఆ పిల్లవాడు పెరిగి, ఇరవై నాలుగేళ్ల వయసులో, 1942లో తనూ పటాలంలో చేరి బర్మా సరిహద్దుకు వెళ్లాడు. తిరిగొచ్చాడు, పింఛను తీసుకున్నాడు. ఇంకో రెండు తరాలు గడిచాక ఇంట్లో ఏం చెప్పుకుంటారు? మా అప్పన్న తాత బస్రాలోనూ పోరాడాడు, బర్మాలోనూ పోరాడాడు అని. ఇద్దరూ ఒక్కరైపోయారు. పెద్ద అప్పన్న ఈసారి మాటల్లో కూడా మాయమైపోయాడు.

ప్రోగ్రాము ఇక్కడ మనకు సాయం చేస్తుందా అంటే, ముందు చెడగొట్టడానికే చూస్తుంది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు కనిపించగానే వీళ్లిద్దరూ ఒకరేనేమో, కలిపేయమంటారా అని అడుగుతుంది. తొందరపడి సరే అనకండి. తండ్రి పేరు చూడండి. పెద్ద అప్పన్న తండ్రి, చిన్న అప్పన్నకు తాత. ఆ ఒక్క తేడా చాలు. అదే ప్రోగ్రాము ఇంకో దారిలో మేలు కూడా చేస్తుంది. పుట్టిన ఏడూ, చేరిన ఏడూ ఎక్కించి ఉంటే, లెక్కలు తనిఖీ చేయమని చెప్పినప్పుడు పొసగని వయసులు పట్టిస్తుంది. యాభై ఏళ్ల సిపాయి కొత్తగా పటాలంలో చేరాడంటే, అక్కడ ఇద్దరు మనుషులు ఉన్నారని అనుమానించాలి.

తాత ఎవరో తేలాక, ఆయన చేతి గుర్తు కోసం ఇంట్లో వెతకండి. పాత ట్రంకుపెట్టె, అటక, దేవుడి గూడు. పింఛను కాగితం, డిశ్చార్జి పుస్తకం, లేదా పతకం. మొదటి యుద్ధపు పతకాల్లో ఎక్కువగా కనిపించేది గుండ్రటి వెండి బిళ్ళ. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద మనిషి. అది వెండి కాబట్టే చాలా ఇళ్లలో కరిగిపోయింది, కడియాలైపోయింది. మీ ఇంట్లో మిగిలి ఉంటే అదృష్టమే. అలాంటిదే కంచుతో చేసినది ఉంటే ఇంకో సంగతి. కంచు బిళ్ళలు లేబర్ దళాల్లో కూలి పనికి వెళ్లినవాళ్లకు ఇచ్చారు. వాళ్లూ యుద్ధానికి వెళ్లినవాళ్లే, ఇంట్లో కథల్లో మాత్రం తుపాకీ పట్టినవాళ్లయిపోతారు.

ఆ బిళ్ళ ముఖం చూడకండి, అంచు చూడండి. అంచు మీద సన్నటి అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, రెజిమెంటు ఉంటాయి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి. ముత్తైదువులు తోమీ తోమీ అక్షరాలు అరిగిపోయిన పతకాలు ఎన్ని ఉంటాయో! టార్చిలైటు పక్కవాటంగా వేసి చదవండి. రెండో యుద్ధపు పతకాల సంగతి ఇంకో విశేషం. బ్రిటన్ తన సైనికులకు ఇచ్చిన చుక్క పతకాల మీద పేర్లు వేయలేదు. మన దేశంలో ఇచ్చినవాటి మీద పేర్లు వేశారు. కాబట్టి వెనక్కి తిప్పి చూడండి.

నంబరు దొరికిందా, సగం పని అయినట్టే. కానీ ఒక జాగ్రత్త. మొదటి యుద్ధం నాటికి ఒక్కో రెజిమెంటు తన నంబర్లు తనే ఇచ్చుకునేది. ఒకే నంబరు ఇంకో రెజిమెంటులో ఇంకొకరికి ఉంటుంది. అందుకని నంబరు ఒక్కటీ కాదు, నంబరూ రెజిమెంటూ కలిపి పట్టుకోండి. నంబరూ, రెజిమెంటూ. రెండూ.

రెజిమెంటు పేరు చూసి ఊరు ఊహించకండి. తెలంగాణ శ్రోతలకు ఇది ముఖ్యం. పంతొమ్మిదో హైదరాబాద్ రెజిమెంటు అని ఒకటుండేది. పేరు మన హైదరాబాదే. అందులో ఉన్నది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మార్చారు. నిజాం గారి సొంత సైన్యం సంగతి వేరు. హైదరాబాద్ లాన్సర్లు అని గుర్రపు దళం మొదటి యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా వైపు వెళ్లింది. ఢిల్లీలో తీన్‌మూర్తి స్మారకం ఉంది కదా, ఆ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ తరఫునే. మీవాళ్లు నిజాం కొలువులో ఉన్నారనుకుంటే మీ దారి తార్నాకలోని రాష్ట్ర పురాలేఖల కార్యాలయం వైపు.

ఇక తేదీలు. పెద్దవాళ్లు 1914 అని చెప్పరు. ఆనంద నామ సంవత్సరం అంటారు, రాక్షస నామ సంవత్సరం అంటారు. మనకు అది పెద్ద ఆధారం, వదులుకోవద్దు. ఆనంద 1914 ఉగాది నుంచి 1915 ఉగాది దాకా. తర్వాత రాక్షస, ఆ తర్వాత నల, పింగళ, కాళయుక్తి. యుద్ధం ఆగింది కాళయుక్తిలో. ఈ ప్రోగ్రాములకు మన సంవత్సరాల పేర్లు తెలియవు. కానీ ఫలానా తేదీకీ ఫలానా తేదీకీ మధ్య అని రాసే వీలుంది. అలాగే రాయండి, పక్కన నోట్‌లో నాయనమ్మ చెప్పిన మాట చెప్పినట్టే పెట్టండి. ఒక్క తేదీ కోసం ఆశపడి లేని కచ్చితత్వం తెచ్చిపెట్టకండి.

ఊరి పేరుతోనూ ఇదే పేచీ. తాడేపల్లిగూడెం ప్రాంతమే తీసుకోండి. 1904 దాకా గోదావరి జిల్లా, ఆ తర్వాత కృష్ణా జిల్లా, 1925లో పశ్చిమ గోదావరి. అంటే 1916లో పోయిన సిపాయి కాగితంలో పశ్చిమ గోదావరి అన్న మాటే ఉండదు. కృష్ణా అని ఉంటుంది, అదీ ఆ కాలపు ఇంగ్లీషు స్పెల్లింగులో. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు పాత విశాఖపట్నం జిల్లా కింద, కొన్ని చోట్ల గంజాం జిల్లా కింద వెతుక్కోవాలి. ఒక ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో ప్రోగ్రాములో తేదీలతో సహా ఎక్కించవచ్చు. ఒక్కసారి ఎక్కిస్తే ఆ ఊరివాళ్లందరికీ పనికొస్తుంది.

ఇప్పుడు పోయినవాళ్ల జాబితా. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం అని ఉంది. 1917లో పుట్టింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన పదిహేడు లక్షల మంది వివరాలు అక్కడ ఉచితంగా వెతకవచ్చు. మన సిపాయిల్లో కొందరికి తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా రాసి ఉంటాయి. ఇంటిపేరు ఉండడం అరుదు. అందుకని పేరుతో వెతికి దొరకలేదని మానేయకండి. అదనపు సమాచారం అనే గడి ఒకటుంటుంది, అందులో ఊరి పేరు కొట్టండి, తాలూకా పేరు కొట్టండి. రెండు మూడు స్పెల్లింగులు మార్చి చూడండి. తెల్ల గుమస్తా చెవికి మన అప్పన్న ఎలా వినిపించాడో ఎవరికి ఎరుక! దొరికిన స్పెల్లింగును ప్రోగ్రాములో రెండో పేరుగా చేర్చండి. ఇంట్లో పిలిచే పేరు ఇంటిపేరుతో సహా మొదటి పేరుగానే ఉండనివ్వండి.

పంజాబువాళ్లకు ఈ పని కొంత సులువైంది. లాహోర్ మ్యూజియంలో ఊరూరా ఎవరెవరు యుద్ధానికి వెళ్లారో రాసిన రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో మూడు లక్షలకు పైగా పేర్లను 2021లో ఇంటర్నెట్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఊరి పేరు కొడితే జాబితా వస్తుంది. మన జిల్లాలకు ఆ వసతి లేదు. మన జాబితా మన ఇళ్ల నుంచే రావాలి.

పోనివాళ్ల సంగతేమిటి? తిరిగొచ్చి, వ్యవసాయం చేసుకుని, ముసలితనంలో పోయినవాళ్ల పేర్లు ఆ సమాధుల జాబితాలో ఉండవు. రెండో యుద్ధంలో పనిచేసినవాళ్లయితే రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయండి. మద్రాసు రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, సాపర్లకు బెంగళూరు. ఎలా రాయాలో తెలియకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. నంబరూ, రెజిమెంటూ, తండ్రి పేరూ, ఊరూ. ఇవి లేకుండా మా తాత మిలటరీలో ఉండేవాడు అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

రెజిమెంటు తెలిస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. యుద్ధంలో ప్రతి దళమూ రోజువారీ డైరీ రాసేది. అవి లండన్ శివార్లలో క్యూ అనే చోట, బ్రిటన్ జాతీయ పురాలేఖల్లో ఉన్నాయి. చాలావాటిని కంప్యూటర్లోనే చూడవచ్చు. అందులో మామూలు సిపాయి పేరు దాదాపు ఉండదు. కానీ ఫలానా రోజున దళం ఎక్కడుంది, వాన పడిందా, నడకెంత, కలరా వచ్చిందా, ఇవన్నీ ఉంటాయి. మన అప్పన్న పోయిన తేదీ దొరికిందనుకోండి, ఆ రోజు పేజీ చదవండి. పోరులో పోయాడని ఇంట్లో చెప్పుకునేది, జబ్బుతో ఆస్పత్రిలో పోయాడని తేలవచ్చు. మెసపటోమియాలో జబ్బులు చాలామందిని తీసుకుపోయాయి. దానికి నొచ్చుకోవలసింది ఏమీ లేదు. పాత మాటను చెరిపేయకండి, కొత్త ఆధారాన్ని దాని పక్కన పెట్టండి.

మళ్లీ రాలేదు అన్న చివరి మాట కూడా ఒకటే అర్థంతో తీసుకోకండి. పోయి ఉండవచ్చు. 1916 ఏప్రిల్‌లో కూత్ అనే ఊళ్లో బ్రిటిష్ సేన తుర్కులకు లొంగిపోయినప్పుడు వేలమంది భారత సైనికులు ఖైదీలయ్యారు, ఖైదీలుగా నడిపించుకుపోయినప్పుడూ చెరలోనూ చాలామంది పోయారు. లేదా తిరిగొచ్చి ఊరికి మాత్రం రాకుండా రంగూనులోనో, మద్రాసులోనో స్థిరపడి ఉండవచ్చు. మరణించాడని ఆధారం దొరికేదాకా ప్రోగ్రాములో మరణం గడి ఖాళీగానే ఉంచండి.

ఇక పోయాడని కచ్చితంగా తేలినవాళ్ల గురించి ఒక సంగతి. బస్రా స్మారకం మీద నలభై వేల మందికి పైగా స్మరణ ఉంది. తెల్ల సైనికుల పేర్లు చెక్కారు. మన అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిల పేర్లు చెక్కలేదు. ఫలానా రెజిమెంటు, ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. 1997లో ఆ కట్టడాన్నే అక్కడి నుంచి తరలించి ఎడారిలో నాసిరియా దారిలో పెట్టారు. 2021లో ఆ సమాధుల సంఘమే ఒక నివేదికలో ఈ వివక్షను ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. రాతి మీద లేని పేర్లు చాలావరకు ఇప్పుడు వాళ్ల కంప్యూటర్ జాబితాలో ఉన్నాయి. అసలు ఎక్కడా ఎక్కని పేర్లూ ఉన్నాయి.

మీ చిన్నతాత పేరు ఆ జాబితాలో లేదనుకోండి. చేర్చమని మీరు ఆ సంఘాన్ని అడగవచ్చు. మొదటి యుద్ధానికి వాళ్ల గడువు 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా. యుద్ధం ఆగాక, కొలువులో ఉండగా 1920లో జబ్బుతో పోయినా లెక్కలోకి వస్తాడు. రెండో యుద్ధానికి 1947 డిసెంబరు 31 దాకా. ఆధారం అడుగుతారు. పింఛను కాగితం నకలు, పతకం అంచు ఫొటో, కుటుంబం వివరం. మీరు ఓపికగా ఎక్కించి దాచిన ముక్కలన్నీ, ఏది ఎక్కడిదో రాసి పెట్టిన ఆ వివరంతో సహా, అప్పుడు బయటకు తీయాలి. ఇంకా బతికున్న బంధువుల వివరాలు మాత్రం గోప్యం అని గుర్తు పెట్టి, వాటిని వదిలేసి మిగతావి పంపండి. గ్రాంప్స్‌లో ఆ వీలుంది. పంపేముందు ఒక నకలు అమెరికాలో ఉన్న మేనల్లుడికో, ఊళ్లో ఉన్న పెదనాన్న కొడుక్కో ఇవ్వండి. జెడ్‌కామ్ అనే పద్ధతిలో దాస్తే ఆ ఫైలు ఎవరి ప్రోగ్రాములోనైనా తెరుచుకుంటుంది. వాళ్ల అటక మీద ఇంకో కాగితం ఉండవచ్చు, వాళ్ల నాయనమ్మకు ఇంకో పేరు గుర్తుండవచ్చు.